ఇంటి ప్రింటర్, కలవని కనెక్షన్

ప్రింటర్‌కు కరెంటు ఇస్తే లైటు వెలుగుతుంది. లోపల కాసేపు గరగరమని తిరిగి ఊరుకుంటుంది. కంప్యూటర్‌లో చూస్తే దాని పేరు పక్కన ‘ఆఫ్‌లైన్’ అని ఉంటుంది, లేదా ఆ పేరే కనిపించదు. ప్రింటర్ అనుసంధాన లోపం అంటే ఇదే. యంత్రం చెడలేదు, యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య మాట తెగింది. ఎక్కడ తెగిందో తెలిస్తే మరమ్మతు చాలాసార్లు అయిదు నిమిషాల పని. తెలియకపోతే ప్రింటర్‌ను సంచిలో పెట్టుకుని బజారుకు మోయాలి. అక్కడ అది బుద్ధిగా కాగితం తీసి ఇస్తుంది, ఇంటికి తెస్తే మళ్లీ అదే తంతు. బజారులో పనిచేసి ఇంట్లో మొండికేసిందంటే వెతకాల్సింది ప్రింటర్‌లో కాదు, ఇంట్లో.

అనంతపురం పీఠభూమిలో ఈ తంటాకు నేల, గాలి, కరెంటు మూడూ తలా ఒక చెయ్యి వేస్తాయి. ఇక్కడి సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెబుతుంటారు. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి దాని చేవ తగ్గిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండై, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది గానీ కరవు మాత్రం పంపకాలు కాలేదు.

ఇంత కరవు నేలలో ప్రింటర్‌తో పనేమిటంటే, కరవుకే కాగితాలు ఎక్కువ. వేరుశనగ విత్తే అదునులో పంట రుణం తీసుకోవాలన్నా, పాతది రెన్యువల్ చేయించాలన్నా భూమి రికార్డులైన 1బి, అడంగల్ నకళ్లు కావాలి. 2015లో మీభూమి పోర్టల్ వచ్చాక అవి ఇంటి కంప్యూటర్‌లోనే కనిపిస్తున్నాయి. తొలకరి పడిన వారంలో కల్యాణదుర్గంలోనో ఉరవకొండలోనో జెరాక్స్ షాపు ముందు నిలబడితే చాలు, ఈ వ్యాసం విషయం రెండు మాటల్లో వినపడుతుంది. “వచ్చిందా అప్పా?” “ల్యాదన్నా, ఆఫ్‌లైన్ అంటాంది.”

మొదటి పరీక్షకు కంప్యూటర్ అక్కర్లేదు. స్కానర్ కూడా ఉన్న ప్రింటరైతే కేబుల్ తీసేసి, అద్దం మీద ఏదో ఒక కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కాలి. నకలు వచ్చిందంటే మోటార్లు, ఇంకు, రోలర్లు అన్నీ క్షేమం, తప్పు కనెక్షన్‌దే. స్కానర్ లేని వాటిలోనూ చాలా మోడళ్లకు ఒక బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే పరీక్ష కాగితం తీసే ఏర్పాటు ఉంటుంది. ఈ ఒక్క పని చేయకుండా డ్రైవర్లు పీకి మళ్లీ వేసేవాళ్లు, ఎండిన ఇంకు కోసం విండోస్‌ను తిడుతూ కూర్చునేవాళ్లు కోకొల్లలు.

ఇక నేల సంగతి. కంప్యూటర్‌లోనూ ప్రింటర్‌లోనూ కరెంటును మార్చే ఎస్ఎంపీఎస్ అనే భాగం ఉంటుంది. అది పుట్టించే విద్యుత్ గోలను అణచడానికి ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంచుతారు. ఎర్త్ సవ్యంగా ఉంటే వాటి గుండా కారే కొసరు కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ పెట్టె 230 వోల్టులలో సుమారు సగం దగ్గర, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కారే కరెంటు మిల్లీ ఆంపియర్ లోపే కాబట్టి మామూలుగా ప్రమాదం ఉండదు. చెప్పులు లేకుండా నిలబడి సీపీయూ అంచు తాకితే వేలికి జుమ్మంటుంది, అంతే. గట్టిగా కొడితే మాత్రం అది కెపాసిటర్ల పని కాదు, వైరింగ్‌లో అసలు లోపం ఉన్నట్టు. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఇలా తేలుతున్న రెండు యంత్రాలను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ఆ కొసరు కరెంటుకు దారి ఆ కేబులే అవుతుంది. కంప్యూటర్ ప్రింటర్‌ను గుర్తుపడుతుంది, మరచిపోతుంది, మళ్లీ గుర్తుపడుతుంది. పరికరం పెట్టినప్పుడూ తీసినప్పుడూ విండోస్ చేసే చప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే మోగుతుంటుంది. ఖర్మ కాలితే కేబుల్ గుచ్చిన క్షణంలో చిటుక్కుమని పోర్టే పోతుంది.

మూడో పిన్ను ఉన్న ప్లగ్గే కదా పెట్టాం అనుకుంటారు. ఆ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఉండేది అన్నిటికన్నా ముందు ఎర్త్ అంటుకోవాలనే. కానీ దాని వెనక తీగ ఎక్కడికి పోతుందనేది ప్రశ్న. కొన్ని చవక ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో అది ఎక్కడికీ పోదు. సరైన వైరింగ్ ఉన్న ఇంట్లో అది పెరట్లోని ఎర్త్ గుంతకు చేరుతుంది. బొగ్గు, ఉప్పు వరుసలుగా పోసి, మధ్యలో పైపో ప్లేటో పాతి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెట్టిన గుంత అది. మట్టి కరెంటును మోసేది అందులోని తేమ వల్ల, ఆ తేమలో కరిగిన లవణాల వల్ల. ఉప్పు అందుకు, బొగ్గు ఆ తేమను పట్టి ఉంచడానికి. పైన పలచని ఎర్రమట్టి, కింద బండ ఉన్న నేలలో ఏప్రిల్, మే వచ్చేసరికి గుంత ఎండి గుల్లవుతుంది. తీగ ఉంటుంది, గుంత ఉంటుంది, ఎర్త్ ఉండదు. బోరులోనే నీళ్లు లేని ఇంట్లో గుంతకు పోయమంటే నవ్వుతారు గానీ, వేసవిలో వారానికి రెండు బిందెలు పోయడం ఎలక్ట్రీషియన్లు చెప్పే పాత వైద్యమే. బట్టలు ఉతికిన నీళ్లయినా సరిపోతాయి.

ఎర్త్ లోపాన్ని ఇంట్లో పట్టుకునే ఉపాయం ఒకటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి, బ్యాటరీ మీద నడుపుతూ అదే కేబుల్‌తో ప్రింటర్‌కు కలిపి చూడాలి. అప్పుడు నిలకడగా కలిసి, ఛార్జర్ పెట్టగానే తెగుతుంటే అనుమానం ఎర్త్ మీదికో ఛార్జర్ మీదికో పోవాలి. డెస్క్‌టాప్, ప్రింటర్ రెండిటినీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకు పెట్టడం అందరికీ అందే జాగ్రత్త. లేజర్ ప్రింటర్‌ను మాత్రం కంప్యూటర్ యూపీఎస్‌లో గుచ్చకూడదు. అందులో పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీలకు వేడెక్కాలి, ఆ క్షణంలో వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్ కూలబడి కంప్యూటర్‌నూ తనతో తీసుకుపోతుంది.

కేబుల్ గురించి చెప్పాల్సింది తక్కువే. 1970లో సెంట్రోనిక్స్ కంపెనీ ప్రింటర్‌తో మొదలైన లావుపాటి సమాంతర కేబుల్ పాతికేళ్లకు పైగా రాజ్యమేలింది. 1996లో యూఎస్‌బీ వచ్చి దాన్ని నెట్టేసింది. ప్రింటర్ వైపు చతురస్రంగా ఉండే కొస అప్పటిదే. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు మించకూడదు. ఈ గదిలో కంప్యూటర్, ఆ గదిలో ప్రింటర్ అని రెండు కేబుళ్లు ముడేస్తే కలవదు, లేదా సగం పేజీలో తెగుతుంది. సీపీయూ ముందున్న పోర్టు కన్నా వెనక, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టు నమ్మకం.

కేబుల్ బాగుండి కంప్యూటర్ గుర్తుపట్టకపోతే అప్పుడు డ్రైవర్ దాకా వెళ్లాలి. డ్రైవర్ అంటే కంప్యూటర్ భాషను ఆ ప్రింటర్ భాషలోకి మార్చే దుబాసీ. ఊళ్లలో ఇప్పటికీ కనిపించే పాత గుర్రాలు రెండిటిని చూస్తే దాని పాత్ర తెలుస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తనకు కావాల్సిన ఫర్మ్‌వేర్‌ను తనలో దాచుకోదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవర్ దాన్ని కేబుల్ గుండా పంపాలి. అంటే డ్రైవర్ లేని కంప్యూటర్ ముందు అది వట్టి ప్లాస్టిక్ డబ్బా. కానన్ ఎల్‌బీపీ 2900ది మరో దారి. పేజీని చుక్కలుగా మార్చే పని చాలావరకు కంప్యూటర్ మీదే పెట్టి, క్యాప్ట్ అనే తన సొంత భాషలో మాత్రమే మాట్లాడుతుంది. ధర తగ్గించడానికి కంపెనీలు మెదడును ప్రింటర్‌లోంచి తీసి కంప్యూటర్‌లో పెట్టిన ఫలితం ఇది. కంప్యూటర్ మారితే, విండోస్ మారితే మెదడు కూడా మారాలి మరి.

కొత్త ప్రింటర్ యూఎస్‌బీ రంధ్రం మీద కొన్నిటికి ఒక స్టిక్కర్ అంటించి ఉంటుంది, డ్రైవర్ వేసేదాకా కేబుల్ పెట్టవద్దని. అందరూ మొదట చేసేది దాన్ని పీకి కేబుల్ పెట్టడమే. అప్పుడు విండోస్ తనకు తోచిన డ్రైవర్ ఒకటి వేసుకుంటుంది, అది కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు పేజీల కొద్దీ పిచ్చి గుర్తులు కక్కిస్తుంది. పరిష్కారం ఓపికగా వెనక్కి రావడమే: ప్రింటర్ పేరు తొలగించి, ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లోంచి డ్రైవర్‌ను కూడా తీసేసి, కంపెనీ సైటు నుంచి సరైన మోడల్‌కు, 32 బిట్‌ల విండోసో 64 బిట్‌లదో చూసుకుని మళ్లీ వేయాలి.

డ్రైవర్ గొడవ చిన్నదేమీ కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పంపేలా దాని ప్రోగ్రాం మార్చాలని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. సోర్స్ కోడ్ దొరకలేదు. ఆ మంటే తర్వాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఒక కారణమైందని ఆయనే చెప్పుకున్నాడు.

ఒక చిన్న మాయ కూడా ఉంది. కేబుల్‌ను ఒక పోర్టు నుంచి తీసి ఇంకో పోర్టులో పెడితే విండోస్ కొన్ని ప్రింటర్లను కొత్తవిగా భావించి, పాత పేరుకే ‘కాపీ 1’ అని తోక తగిలిస్తుంది. ఇప్పుడు ఇద్దరు కవలలు. ఒకడు పాత పోర్టుకు కట్టుబడి ఎప్పటికీ ఆఫ్‌లైన్, రెండోవాడు సిద్ధంగా కూర్చుని ఉంటాడు. డిఫాల్ట్ హోదా పాతవాడిదే కాబట్టి ప్రింటులన్నీ వాడి దగ్గరికే పోయి పేరుకుంటాయి. ప్రింటర్ల జాబితా తెరిచి, వెలిసిపోయినట్టు కనిపించేవాడిని తొలగించి, రెండోవాడిని డిఫాల్ట్ చేస్తే చాలు. అదే చోట ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ దగ్గర టిక్కు పడి ఉందేమో కూడా చూడాలి.

ప్రింటు కొట్టగానే పత్రం నేరుగా ప్రింటర్‌కు పోదు. విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అనే సర్వీసు దాన్ని ముందు డిస్కు మీద ఫైలుగా రాసి, వరుసలో నిలబెట్టి, తర్వాత ఒక్కొక్కటిగా పంపుతుంది. సగంలో కరెంటు పోయిందనుకోండి, ముందున్న ఫైలు పాడై గొంతులో ముల్లులా ఇరుక్కుంటుంది. దాన్ని తొలగించమంటే ‘డిలీటింగ్’ అని రాసి గంటలు గడిపేస్తుంది, వెనకవాళ్లంతా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. చేయాల్సింది ఇది. సర్వీసెస్ తెరిచి ప్రింట్ స్పూలర్‌ను ఆపాలి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపలి ఫైళ్లన్నీ తుడిచేయాలి, ఫోల్డర్‌ను మాత్రం ఉంచాలి. తర్వాత స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. ‘ఆఫ్ చేసి ఆన్ చెయ్’ అనే సలహా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే పాడైన ఫైలు డిస్కు మీదే ఉండి కంప్యూటర్‌తో పాటు మళ్లీ లేస్తుంది.

వైఫై ప్రింటర్‌కు కేబుల్ బాధ పోయి చిరునామా బాధ వచ్చింది. ఇంట్లోని వైఫై పెట్టె తనతో కలిసిన ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. అది సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు. కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె లేచి కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ప్రింటర్ అంతకన్నా ముందే లేచి అడ్రస్ కోసం అరుస్తుంది, జవాబు రాకపోతే 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తనకు తానే పెట్టుకుంటుంది. ఈ అంకె కనపడిందంటే ప్రింటర్ ఇంటి నెట్‌వర్క్‌లో లేనట్టే. లేదా పెట్టె ఈసారి వేరే అడ్రస్ ఇస్తుంది. నిన్న 192.168.1.5లో ఉన్నది ఇవాళ 192.168.1.9లో ఉంటుంది, కంప్యూటర్ పాత గడప ముందే నిలబడి తలుపు కొడుతూ ‘ఆఫ్‌లైన్’ అని చెబుతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో ‘పొద్దున పనిచేసింది, సాయంత్రం లేదు’ అనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఈ కథే.

అప్పటికప్పుడు చేసే పని: వైఫై పెట్టె పూర్తిగా లేచాక ప్రింటర్‌ను ఒకసారి ఆపి వేయడం. శాశ్వతంగా అయితే పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రింటర్ గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్‌కు ఒక ఐపీని రిజర్వు చేయాలి. ప్రింటర్ తానే ఇచ్చే నెట్‌వర్క్ రిపోర్టు కాగితంలో రెండూ అచ్చయి ఉంటాయి. ఆ ఐపీని కంప్యూటర్ బ్రౌజర్‌లో కొడితే చాలా వైఫై ప్రింటర్ల లోపలి పేజీ తెరుచుకుంటుంది. తెరుచుకుంటే దారి బాగుంది, తప్పు విండోస్ పోర్టులో; ప్రింటర్‌ను ఆ ఐపీ మీదే టీసీపీ/ఐపీ పోర్టుతో కొత్తగా కలుపుకోవాలి. తెరుచుకోకపోతే వైఫై దగ్గరే వెతకాలి.

వైఫై దగ్గర వెతకడానికి రెండు మూడు చోట్లు. ఇంటి ప్రింటర్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగమే తెలుసు; ఫోన్‌కు కనిపించే 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనిపించదు. కొత్త ప్రింటర్ పెట్టెలోంచి తీయగానే వచ్చే ‘నా వైఫై పేరు చూపించడం లేదు’ అనే గోలకు ఇది మొదటి కారణం. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఫోన్లన్నిటికీ చెప్పి ప్రింటర్‌కు చెప్పడం మరచిపోవడం రెండోది. ఇక గోడలు. పాత రాయలసీమ మిద్దెల రాతిగోడలు మే నెల ఎండనే లోపలికి రానివ్వవు, వైఫైని రానిస్తాయా? పెట్టె నడవలో, ప్రింటర్ లోపలి గదిలో ఉంటే రెండింటినీ దగ్గరికి తేవడమే మందు.

నెట్ లేకపోతే ప్రింటు రాదనే నమ్మకం మాత్రం చాలావరకు తప్పు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లు కరెంటు స్తంభాల మీదుగానే ఇళ్లకు వస్తాయి. స్తంభం దగ్గర కేబుల్ తెగినా ఇంట్లో పెట్టె వెలుగుతున్నంతసేపు కంప్యూటర్, ప్రింటర్ ఆ నాలుగు గోడల మధ్య మాట్లాడుకోగలవు. ఎల్లవేళలా ఇంటర్నెట్ ఉండాలనే షరతుతో హెచ్‌పీ ప్లస్ పేరిట అమ్మిన కొన్ని ప్రింటర్లు ఇందుకు మినహాయింపు. అన్నట్టు ఫైబర్ వల్ల ఒక మేలు జరిగింది. పాత టెలిఫోన్ రాగితీగ మీద పిడుగు తాకిడి మోడెం దాకా, దాని నుంచి కంప్యూటర్ దాకా వచ్చేది. ఫైబర్ గాజు, అది వెలుతురును మోస్తుంది గానీ పిడుగును మోయదు.

2020లో కోవిడ్ వచ్చి, రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సొంతూళ్లకు చేరినప్పుడు ఇంకో రకం లోపం ఇళ్లలోకి వచ్చింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేయగానే పక్కనే ఉన్న ప్రింటర్ మాయమవుతుంది. వీపీఎన్ ల్యాప్‌టాప్ మాటలన్నిటినీ ఆఫీసు వైపు మళ్లించడమే కారణం. అది తీసేసి ప్రింటు కొట్టుకోవడమో, యూఎస్‌బీ కేబుల్ వాడడమో తప్ప అక్కడ ఉద్యోగి చేతిలో ఉండేది తక్కువ.

ఒక కంప్యూటర్‌కు కట్టిన ప్రింటర్‌ను రెండో కంప్యూటర్‌కు షేర్ చేసుకునే చిన్న షాపులను 2021 గట్టిగా తాకింది. ఆ జూలైలో విండోస్ స్పూలర్‌లో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే భద్రతా రంధ్రం బయటపడింది. స్పూలర్‌కు ఇది కొత్త కాదు, 2010లో స్టక్స్‌నెట్ పురుగు వాడుకున్న దారుల్లోనూ ఒకటి ఇక్కడిదే. 2021లో మైక్రోసాఫ్ట్ ప్రింటింగ్ భద్రతను వరసగా బిగించింది. సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత చాలాచోట్ల షేర్ చేసిన ప్రింటర్‌కు రెండో కంప్యూటర్ కలవక, చివర 11బి అని ఉండే ఎర్రర్ కోడ్ చూపించింది. రెండు యంత్రాలకూ తాజా అప్‌డేట్లు వేయడం మంచి దారి. రిజిస్ట్రీలో విలువ మార్చే చిట్కా పనిచేస్తుంది గానీ మూసిన రంధ్రాన్ని మళ్లీ తెరుస్తుంది. షేరింగ్ మామూలుగా మొరాయిస్తే మాత్రం ఇంటి వైఫైని విండోస్ ‘పబ్లిక్’గా లెక్కేస్తోందేమో ముందు చూడాలి. దాన్ని ‘ప్రైవేట్’ చేయగానే సగం గొడవలు తీరతాయి.

డ్రైవర్ల బెడద మెల్లగా తగ్గుతోంది. 2010లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్, 2013లో కానన్, హెచ్‌పీ, శామ్‌సంగ్, జెరాక్స్ కలిసి పెట్టిన మోప్రియా కూటమి ప్రింటర్లన్నిటికీ ఒకే భాష నేర్పే ప్రయత్నాలు. అవి తెలిసిన కొత్త ప్రింటర్‌కు ఫోన్ నుంచే 1బి తీయవచ్చు. పాత 1020కి ఆ భాష రాదు, ఇకమీదట నేర్చుకోదు కూడా.

ఇవన్నీ దాటి కనెక్షన్ కలిసిన రోజున అనంతపురం ఇంటికి ఇంకో పరీక్ష మిగిలి ఉంటుంది. టెస్ట్ పేజీ కొడితే ప్రింటర్ చకచకా లాగి, తెల్ల కాగితాన్ని తెల్లగానే బయటకు తోస్తుంది. మాట కలిసింది గానీ గొంతు ఎండింది. ఇంకు ట్యాంకు ప్రింటర్‌ను దాని బటన్‌తో ఆపితే హెడ్ ఒక మూలకు జరిగి రబ్బరు మూత కింద ఒదుగుతుంది. గోడ స్విచ్ ఆపేసినా, ప్రింటు మధ్యలో కరెంటు పోయినా హెడ్ ఉన్నచోటే మూత లేకుండా ఆగిపోవచ్చు, ఆ పొడిగాలికి నాజిళ్లలో ఇంకు గడ్డ కట్టడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు నాజిల్ చెక్ కొట్టి, హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చేసి, అయినా గీతలు తెగి కనిపిస్తే పన్నెండు గంటలు వదిలేసి మళ్లీ చూడాలి. వరసబెట్టి క్లీనింగ్ కొడితే ట్యాంకులో ఇంకు తరగడం, కింద వ్యర్థపు ఇంకు పీల్చే స్పాంజి నిండడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. వేసవి సెలవుల్లో ఊరికి పోయేవాళ్లు ప్రింటర్‌ను బటన్‌తో ఆపి, లైటు పూర్తిగా ఆరేదాకా ఆగి, ఆ తర్వాతే గోడ స్విచ్ మీద చెయ్యి వేయాలి.